చిన్న ల్యాప్‌టాప్‌తో ఇరవై నెలలు: ట్యాలీ పరిగెత్తింది, బ్రౌజరే కూలబడింది

తిరుపతిలో చిన్న వ్యాపారులకు ట్యాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాయడం, నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేయడం నా వృత్తి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల రెండు మూడు పూజాసామగ్రి దుకాణాలు, రేణిగుంట రోడ్డులో ఒక లాడ్జి, దామలచెరువులో ఒక మామిడి మండీ, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ నా దగ్గర లెక్కలు రాయించుకుంటాయి. ఇంట్లో బల్ల మీద ఒక డెస్క్‌టాప్ ఉంది కానీ, ఈ పనిలో సగం ఆ బల్ల దగ్గర జరగదు. బిల్లులు దుకాణంలోనే ఉంటాయి, యజమాని గల్లాపెట్టె వదిలి రాలేడు, కాబట్టి నేనే వెళ్లాలి. స్కూటర్ డిక్కీలో పట్టేది, భుజానికి బరువు తెలియనిది, పొరపాటున కింద పడినా గుండె ఆగిపోయేంత ఖరీదు లేనిది ఒకటి కావాలనుకుని, 2024 ఫిబ్రవరిలో 11.6 అంగుళాల తెర ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌ను 18,990 రూపాయలకు కొన్నాను. రెండు మామిడి కాపులు దాటి ఇరవై నెలలు వాడిన తర్వాత రాస్తున్న సమీక్ష ఇది.

కంపెనీ పేరు రాయడం లేదు. ఇరవై వేల లోపు దొరికే ఈ తరహా యంత్రాల్లో మూత మీది పేరు మారుతుందే తప్ప లోపలి సరుకు పెద్దగా మారదు. నేను చెప్పబోయే మంచిచెడులు ఒక కంపెనీవి కావు, ఆ తరగతివి. నా దానిలో ఉన్నది ఇంటెల్ సెలెరాన్ ఎన్4500 ప్రాసెసర్. 2021లో వచ్చిన ఈ చిప్‌లో రెండే కోర్లు, మామూలుగా 1.1 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తూ, అవసరం పడినప్పుడు కాసేపు 2.8 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది. దీని విద్యుత్ పరిమితి 6 వాట్లే కాబట్టి తయారీదారు ఫ్యాన్ కూడా పెట్టలేదు. 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం ఫ్లాష్ మెమరీ) నిల్వ, రెండూ మదర్‌బోర్డుకే అతికించి ఉన్నాయి. తెర 1366×768 చుక్కలది, బరువు కిలో రెండు వందల గ్రాములు. విండోస్ 11 నడవడానికి కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉండాలని మైక్రోసాఫ్ట్ నిర్ణయించింది. అంటే ఇది 35 మార్కులు వస్తే పాసయ్యే పరీక్షలో సరిగ్గా 35 తెచ్చుకున్న పిల్లవాడి లాంటిది. పాసైన మాట నిజమే, కానీ పై తరగతిలో ఏమవుతాడో చూడాలి.

ఏఐఆర్ బైపాస్ రోడ్డులో నాకు దీన్ని అమ్మిన కుర్రవాడు అబద్ధం చెప్పలేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. "ట్యాలీ అయితే బ్రహ్మాండంగా నడుస్తుంది సార్. క్రోమ్‌లో మాత్రం ట్యాబులు ఎక్కువ తెరవొద్దండి" అన్నాడు. మొదటి మాట విని సంచీ సర్దుకున్నాను. రెండో మాట అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఎందుకంటే, అందరిలాగే నేను కూడా లెక్కల సాఫ్ట్‌వేర్ బరువైనదనీ, ఇంటర్నెట్ చూడటం తేలిక పని అనీ అనుకున్నాను. ఈ చిన్న యంత్రం దగ్గర ఆ లెక్క పూర్తిగా తిరగబడింది.

ట్యాలీ సంగతి ముందు చెబుతాను. పూజాసామగ్రి దుకాణంలో స్టూలు మీద కూర్చుని, ఒళ్లో యంత్రం, పక్కన బిల్లుల కట్ట పెట్టుకుని, ఒక్క పూటలో రెండు వందల వోచర్లు, అంటే ఒక్కో లావాదేవీ నమోదు, కొట్టిన రోజులున్నాయి. ఎక్కడా వేలు ఆగలేదు. ట్యాలీ ప్రధానంగా కీబోర్డు మీద నడిచే ప్రోగ్రామ్, తెర మీద బొమ్మలూ హంగులూ తక్కువ, చిన్న వ్యాపారి ఏడాది లెక్కంతా కలిపినా కొద్ది మెగాబైట్లే కాబట్టి, రెండు కోర్లు దానికి ఎక్కువే. నా మిత్రుడు ఒకాయన పెళ్లిపత్రికల డీటీపీ చేస్తాడు. పేజీలు కూర్చే 2001 నాటి పేజ్‌మేకర్ 7ను, అను అనే తెలుగు ఫాంట్లను ఇందులో వేసి చూశాడు. కన్ను మూసి తెరిచేలోగా తెరుచుకుంది. పాత సాఫ్ట్‌వేర్‌తో బతికేవాడికి చిన్న యంత్రం పెద్ద యంత్రమే.

అయితే ట్యాలీలో అసలు ఇబ్బంది ప్రాసెసర్ వల్ల కాక కీబోర్డు వల్ల వచ్చింది. ట్యాలీ వాడేవాళ్ల వేళ్లకు ఎఫ్5 అంటే చెల్లింపు, ఎఫ్6 అంటే రాబడి, ఎఫ్8 అంటే అమ్మకం, ఎఫ్9 అంటే కొనుగోలు. ఈ చిన్న ల్యాప్‌టాప్‌లో ఆ మీటల మీద మొదటి హక్కు వెలుతురుకూ శబ్దానికీ ఇచ్చారు. మొదటి రోజు లాడ్జిలో అమ్మకం వోచర్ కోసం ఎఫ్8 నొక్కితే వోచర్ రాలేదు, శబ్దం పెరిగింది. వెనక ట్యాబులో ఆగకుండా నడుస్తున్న ఏదో ప్రకటన రిసెప్షన్ అంతా మారుమోగింది. ఎఫ్ఎన్ మీటతో పాటు ఎస్కేప్ నొక్కితే ఈ హక్కులు తారుమారవుతాయని ఆ సాయంత్రం తెలిసింది. ఇక అంకెల మీటల గుత్తి కుడివైపున లేకపోవడం లెక్కలు రాసేవాడికి కుడిచెయ్యి కట్టేసినట్టే. నాలుగు వందల రూపాయలు పెట్టి యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొన్నాను. పెద్ద యూఎస్‌బీ రంధ్రాలు రెండే ఉన్నాయి; ఒకదానికి నంబర్ ప్యాడ్, రెండోదానికి రిటర్నుల మీద సంతకానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్ పెడితే పెన్‌డ్రైవ్‌కు చోటుండదు కాబట్టి, మరో ఆరు వందలతో ఒక హబ్ కూడా వచ్చి చేరింది. అంటే కొన్న ధర మీద వెయ్యి రూపాయలు కొన్న నెలలోనే కలుపుకోవాలి.

ఇప్పుడు బ్రౌజర్. విండోస్ పూర్తిగా లేచి, నేను ఇంకా ఏమీ తెరవక ముందే టాస్క్ మేనేజర్‌లో చూస్తే 3.8 జీబీలో 2.5 జీబీ అప్పటికే వాడకంలో ఉంటుంది. మిగిలిన దానిలో ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్ సర్దుకోవాలి. బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్ ఒక ట్యాబు, మెయిల్ ఒక ట్యాబు, ఇక బిల్లుల ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే వస్తాయి కాబట్టి వాట్సాప్ వెబ్ ఒక ట్యాబు. ఈ మూడూ లేకుండా నా వృత్తి లేదు. ఈ కాలపు వెబ్ పేజీ చూడటానికి కాగితంలా ఉన్నా, నిజానికి అది నడుస్తున్న ఒక ప్రోగ్రామ్; ఒక్కో ట్యాబు వందల మెగాబైట్లు పట్టుకుని కూర్చుంటుంది. మూడు ట్యాబులతో ర్యామ్ నిండిపోతుంది.

నిండిన తర్వాత ఏమవుతుందో తిరుపతివాళ్లకు వివరించడం సులభం. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో 31 కంపార్ట్‌మెంట్లూ నిండితే భక్తులను వెనక్కి పంపరు. క్యూ బయటికి పొడుగ్గా సాగి, శిలాతోరణం దాకా వెళుతుంది. దర్శనం ఆగదు, కానీ గంటలు పెరుగుతాయి. ర్యామ్ నిండినప్పుడు విండోస్ కూడా అదే చేస్తుంది: అప్పటికి అవసరం లేదనుకున్న వాటిని మొదట కుదించి, అప్పటికీ చాలకపోతే నిల్వలోని పేజ్ ఫైల్‌లోకి పంపుతుంది, మళ్లీ కావలసినప్పుడు వెనక్కి తెస్తుంది. మంచి ఎస్ఎస్‌డీ (వేగంగా చదివి రాసే నిల్వ) ఉన్న యంత్రంలో ఈ రాకపోకలు మనకు పెద్దగా కనిపించవు. ఈఎంఎంసీ ఉన్నచోట కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి: ట్యాలీ నుంచి బ్రౌజర్‌కు మారితే తెల్లని తెర, ఐదు లెక్కపెట్టే లోపు రాదు, వచ్చాక వాట్సాప్ ట్యాబు నొక్కితే అది మొదటి నుంచి మళ్లీ తెరుచుకుంటుంది, ఫొటోలోని బిల్లు నంబరు చూసుకుని ట్యాలీకి తిరిగి వచ్చేసరికి ఆ నంబరు మరిచిపోతాను. ఇలా రోజుకు వంద సార్లు మరిచిపోయే మనిషి పని చేస్తున్నట్టా, చేయనట్టా?

ఈఎంఎంసీ గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో దాన్ని కూడా ఎస్ఎస్‌డీ పక్కనే, అదే అక్షరాల్లో అచ్చువేస్తారు. ఇది ఫోన్లలో వాడే మెమరీ కార్డుకు దగ్గరి బంధువు. ఈఎంఎంసీ 5.1 ప్రమాణం ప్రకారమే దాని గరిష్ఠ వేగం సెకనుకు 400 మెగాబైట్లు; నా యంత్రంలో చదివే వేగం 280 దగ్గర తేలింది. సాటా అనే పాత రకం ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్ఎస్‌డీ వేలల్లో ఉంటుంది. అయితే ఈ అంకెల కంటే ముఖ్యమైన తేడా ఇంకొకటి ఉంది. ఈఎంఎంసీ ఒకే సమయంలో చదవడమూ రాయడమూ రెండూ చేయలేదు. ఒకటి ఆగితేనే రెండోది. అందుకే వెనక ఏదైనా అప్‌డేట్ రాసుకుంటున్నప్పుడు మనం ఒక ఫైల్ తెరవబోతే, ఒంటి ఎడ్లబండి మాత్రమే పట్టే దారిలో ఎదురుబండి వచ్చినట్టు యంత్రం మొత్తం నిలబడిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం వంద శాతం చూపిస్తుంది, మౌస్ ఒక్కటే కదులుతుంది.

నిల్వ పరిమాణం ఇంకో కథ. పెట్టె మీద 64 జీబీ అని ఉంటుంది. విండోస్ లెక్క వేరు కాబట్టి తెర మీద 58 జీబీగా కనిపిస్తుంది. అందులో విండోస్ తన వాటా తీసుకున్నాక కొన్న రోజు నాకు మిగిలింది 28 జీబీ. ట్యాలీ, ఆఫీస్, ప్రింటర్ డ్రైవర్లు, సంతకం టోకెన్ కోసం ఈఎంసైనర్ అనే ప్రోగ్రామ్ వేసుకున్నాక అది 19కి దిగింది. అది చాలదని అప్పుడు అనిపించలేదు.

2024 నవంబరు 19 రాత్రి అది చాలదని తేలింది. మర్నాడు, 20వ తేదీ, నెలనెలా వేసే జీఎస్టీఆర్-3బీ రిటర్నుకు ఆఖరు రోజు. గుజ్జు కంపెనీ కొనుగోళ్లను, అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో పోర్టల్ తయారుచేసే 2బీ పట్టికతో సరిచూస్తూ రెండు గంటలు కూర్చున్నాను. 2బీ ప్రతి నెలా 14న తయారవుతుంది; ఆ 14కూ 20కీ మధ్య ఆరు రోజులే మా వృత్తికి అసలు కాపు. పని ముగిసి ఎక్సెల్ ఫైల్ సేవ్ చేయబోతే డిస్క్‌లో చోటు లేదన్నది. ఛార్జర్ పెట్టగానే వెనక అప్‌డేట్ దిగడం మొదలైందని, ఉన్న ఒకటిన్నర జీబీని అది తినేసిందని తర్వాత గ్రహించాను. తొందరలో ఏదో మూసి ఏదో తెరవబోయి, ఎక్సెల్ ఫైల్‌నే పోగొట్టుకున్నాను. తప్పు నాదే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూస్తే తొమ్మిది నెలల బిల్లుల ఫొటోలు, పీడీఎఫ్‌లు కలిపి 11 జీబీ పోగై ఉన్నాయి. ఒకే బిల్లు మూడేసి సార్లు దిగినవి ఎన్నో. వాటిని తుడిచి, పని మళ్లీ మొదలుపెట్టి, రాత్రి రెండింటికి ముగించి, మర్నాడు మధ్యాహ్నం రిటర్ను వేశాను. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అంతకంటే పెద్దది, ఆ కంపెనీ యజమాని ముందు తల దించుకోవడం.

ఆ అప్‌డేట్‌ను తర్వాత తీరిగ్గా పెట్టుకున్నాను. లోపల చోటు చాలదు, బయటి డ్రైవ్ ఏదైనా తగిలించమని యంత్రమే అడిగింది. 32 జీబీ పెన్‌డ్రైవ్ తగిలించి సాయంత్రం ఐదుకు మొదలుపెడితే రాత్రి తొమ్మిది దాటింది. ఏడాదికోసారి ఇలాంటి సాయంత్రం ఒకటి రాసిపెట్టుకోవాలి.

ఎక్సెల్ మామూలు పట్టికలకు బాగానే ఉంటుంది. 3,800 వరుసల 2బీని కొనుగోలు రిజిస్టరుతో వీలుకప్ అనే ఎక్సెల్ సూత్రం పెట్టి పోల్చినప్పుడు మాత్రం ముప్పావు నిమిషం తెర బిగుసుకుపోతుంది. అదే పని ఇంట్లో డెస్క్‌టాప్ ఏడెనిమిది సెకన్లలో ముగిస్తుంది. దానికంటే నన్ను బాధపెట్టింది తెర. 768 చుక్కల ఎత్తులో ఎక్సెల్ పైన ఉండే మెనూ పట్టీ పోగా కనిపించేవి ఇరవై వరుసలు. ఇంగ్లిషు అంకెలతో ఎలాగో గడిచిపోతుంది కానీ, తెలుగు పేర్లు వచ్చేసరికి అసలు కష్టం తెలుస్తుంది. మన లిపికి కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి. ఇంగ్లిషు అక్షరం ఒక అంతస్తు ఇల్లయితే మనది మూడంతస్తులు. "శ్రీ లక్ష్మీ స్టోర్స్" అన్న పేరులో "క్ష్మీ" ఈ తెర మీద చిన్న సిరా మరకలా ఉంటుంది. "ప", "వ", "ష" ఒకదానికొకటి మారువేషం వేస్తాయి. పరిమాణం 125 శాతానికి పెంచితే అక్షరం తేరుకుంటుంది, కానీ ఇరవై వరుసలు పదిహేనవుతాయి. నలభై దాటిన కళ్లున్నవారు ఈ తరగతి యంత్రాన్ని కొనే ముందు దుకాణంలోనే ఒక తెలుగు వార్తాపత్రిక వెబ్‌సైటు తెరిచి, వార్త మొత్తం చదివి చూడటం మంచిది. వెబ్‌సైటు ఎంతసేపటికి తెరుచుకుంటుందో కూడా అదే దెబ్బకు తెలిసిపోతుంది.

వీడియో సంగతి క్లుప్తంగా. చెన్నైలోని ఆడిటర్ గారితో ఆన్‌లైన్ సమావేశమంటే, కెమెరా ఒక్కటే పెట్టుకుంటే సరిపోతుంది. తెర కూడా చూపించమన్నారంటే నా గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుందట. వెనక బొమ్మ మార్చే సోకులు ఈ ప్రాసెసర్‌కు నిషిద్ధం. యూట్యూబ్ చాలా వీడియోలను ఇప్పుడు ఏవీ1 అనే పద్ధతిలో పంపుతోంది. దాన్ని విప్పే ప్రత్యేక భాగం ఎన్4500లో లేదు కాబట్టి ఆ భారం రెండు కోర్ల మీద పడుతుంది, పెద్ద నాణ్యతలో బొమ్మ తడబడుతుంది. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100లో ఆ భాగం ఉంది, కోర్లు కూడా నాలుగు. విద్యుత్ లెక్క అదే 6 వాట్లు. కాగితం మీద ఒకే కుటుంబంలా కనిపించే ఈ రెండింటికీ పనిలో చాలా దూరం ఉంది.

ఇంతసేపూ తిట్టాను. ఇక దామలచెరువు మండీకి వద్దాం, ఎందుకంటే ఈ యంత్రం నా దగ్గర ఇంకా ఉండటానికి కారణం ఆ మండీయే. జూన్, జూలై నెలల్లో తోతాపురి దిగినప్పుడు అక్కడ రేకుల షెడ్డు కింద కాటా పక్కనే కూర్చుని రైతు పట్టీలు రాయాలి. ట్రాక్టర్ వస్తుంది, తూకం వేస్తారు, కమీషన్, కూలి తీసివేసి రైతు చేతిలో పట్టీ పెట్టాలి. ఆలస్యమైతే వెనక బండ్లు ఆగిపోతాయి. కరెంటు ఎప్పుడుంటుందో, ఎప్పుడు పోతుందో చెప్పలేం. ఇక్కడ నాకు బ్రౌజర్ అక్కర్లేదు, ట్యాలీ ఒక్కటే కావాలి. ఉదయం ఇంట్లో నిండా ఛార్జ్ చేసుకుని పోతే, వెలుతురు మధ్యస్థంగా పెట్టుకుని ఆరున్నర, ఏడు గంటలు నడిచింది. ఫ్యాన్ లేకపోవడం వల్ల దుమ్మును లోపలికి పీల్చుకోదు; మామిడి పాలు, ఎండుటాకుల పొడి, ఎర్రమట్టి కలిసిన ఆ గాలిలో నా పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ రెండేళ్లకే గరగరలాడింది. ఇరవై నెలల్లో ఇది ఒక్కసారి కూడా శబ్దం చేయలేదు, చేయడానికి లోపల తిరిగేది ఏదీ లేదు.

అయితే వేడిని బయటికి తోసే దిక్కు కూడా లేదు. రేకుల కింద మధ్యాహ్నం రెండింటికి అడుగు పలక ఒళ్లో పెట్టుకోలేనంత కాలింది, టాస్క్ మేనేజర్‌లో వేగం 2.8 నుంచి 1.1 గిగాహెర్ట్జ్ దగ్గరికి దిగిపోయింది. ఒక్కో పట్టీ ప్రింటుకు వెళ్లడానికి మూడు నాలుగు సెకన్లు ఎక్కువ పట్టింది. మండీ యజమాని వెనక నుంచి తొంగి చూసి, "ఏం సామీ, ఇంకా తిరగతానే ఉండాదే" అన్నాడు, తెర మీద తిరుగుతున్న చుట్టను చూపిస్తూ. రెండో ఏడు ఇంటి నుంచి ఒక గాజు పలక, నాలుగు సీసా మూతలు తీసుకుపోయి, యంత్రాన్ని వాటి మీద కాస్త ఎత్తుగా నిలబెట్టాను. కింద గాలి ఆడేసరికి బాగానే కుదురుకుంది. పైసా ఖర్చు లేని చిట్కా ఇది.

మిగతా చిట్కాలు కూడా ప్రయత్నించాను. ర్యామ్‌లోని పనిని నిల్వలో దాచి యంత్రాన్ని నిద్రపుచ్చే హైబర్నేషన్ ఆపితే ఒకటిన్నర జీబీ తిరిగి వచ్చింది. బ్రౌజర్‌లో మెమరీ ఆదా చేసే సదుపాయం పెట్టుకున్నాను. యంత్రం లేవగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములన్నీ తీసేశాను. ఇది నిజంగా ఫలితం ఇచ్చింది. 128 జీబీ మెమరీ కార్డు పెట్టి బిల్లుల ఫొటోలన్నీ అందులోకి పంపాను, ట్యాలీ డేటాను మాత్రం పంపలేదు. కార్డు ఈఎంఎంసీ కంటే కూడా నెమ్మది, పైగా నమ్మకం తక్కువ. ఒక ఆదివారం పెన్‌డ్రైవ్ నుంచి, విండోస్‌కు బదులుగా వాడే లైనక్స్ మింట్ కూడా నడిపి చూశాను. యంత్రానికి ఊపిరి పోసినట్టైంది, ఐదారు ట్యాబులు మోసింది. కానీ ట్యాలీ విండోస్ ప్రోగ్రామ్, నా సంతకం టోకెన్ డ్రైవర్లూ విండోస్‌కే ఉన్నాయి. కంపెనీ రిటర్నుకు డిజిటల్ సంతకం తప్పనిసరి, సొంత వ్యాపారికైతే ఓటీపీతో సరిపోతుంది. నా గుజ్జు కంపెనీ ఒక్కటే నన్ను విండోస్‌కు కట్టేసింది. ఈ కారణంగానే విండోస్ లేని క్రోమ్‌బుక్‌లు, 2023లో 16,499 రూపాయలకు వచ్చిన జియోబుక్ వంటివి నా వృత్తికి పనికిరావు. చదువుకునే పిల్లలకు, మెయిల్ చూసుకునేవారికి అవి వేరే విషయం.

2009లో కూడా నా దగ్గర ఇలాంటిదే ఒకటి ఉండేది. 2007లో ఏసుస్ ఈ పీసీతో మొదలైన నెట్‌బుక్‌ల మోజులో నేనూ పడి, ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న పది అంగుళాల యంత్రం కొన్నాను. అది కూడా నెమ్మదే. కానీ వెనక మూతకు ఒక స్క్రూ ఉండేది. దాన్ని విప్పి ర్యామ్‌ను 2 జీబీకి పెంచాను, తర్వాత డిస్క్ మార్చాను, అలా ఆరేళ్లు ఈడ్చాను. ఇప్పటి దాన్ని విప్పితే విప్పగలం కానీ, లోపల మార్చడానికి ఏమీ లేదు. ర్యామ్ చాలకపోతే చాలనట్టే, ఈఎంఎంసీ పోతే మదర్‌బోర్డే పోయినట్టు. ప్రాసెసర్ నెమ్మదిగా ఉందని ఎప్పుడూ ఇంతగా విసుక్కోలేదు. దారి మూసేశారన్నదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే ఇలా చెబుతున్నాను. ఇంట్లో వేరే యంత్రం లేకుండా ఇదొక్కటే కొనుక్కుని సంసారం నడుపుదామనుకునేవారు 4 జీబీ, 64 జీబీ ఉన్నది ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. కొత్తదే కావాలంటే ఎన్100తో 8 జీబీ ర్యామ్, 256 జీబీ నిజమైన ఎస్ఎస్‌డీ ఉన్నది చూడాలి. పెట్టె మీద ఎస్ఎస్‌డీ అని ఉందా, ఈఎంఎంసీ అని ఉందా అని ప్రత్యేకంగా అడగాలి. పాతదైనా పరవాలేదనుకుంటే, కార్యాలయాల నుంచి బయటికి వచ్చిన 8వ తరం కోర్ ఐ5 ల్యాప్‌టాప్‌లు దాదాపు ఇదే ధరలో దొరుకుతాయి. 2017లో వచ్చిన ఆ తరంతో చిన్న ల్యాప్‌టాప్‌ల ఐ5కు నాలుగు కోర్లు వచ్చాయి, విండోస్ 11 దాన్ని అధికారికంగా ఒప్పుకుంటుంది, చాలావాటిలో ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకునే వీలుంది. బ్యాటరీ మాత్రం అరిగిపోయి ఉంటుంది, దానికి రెండు మూడు వేలు పక్కన పెట్టుకోవాలి. రెండో యంత్రంగా, ఒకేసారి ఒకే పని కోసం, బయట తిరిగే చోట వాడుకునేవారికి నా దగ్గరున్నది చాలు. ఆ "ఒకేసారి ఒకే పని" అన్న షరతును గట్టిగా పట్టుకోవాలి. ట్యాలీ తెరిచినప్పుడు బ్రౌజర్ మూసి ఉండాలి, బిల్లుల ఫొటోలు ఫోన్‌లోనే చూసుకోవాలి.

నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను. ప్రతి నెలా 14 నుంచి 20 దాకా ఇంట్లో డెస్క్‌టాప్ ముందు నుంచి లేవను, ఆ ఆరు రోజులూ చిన్నది బీరువాలో ఉంటుంది. 21న మళ్లీ డిక్కీలోకి చేరుతుంది. మొన్న పాత ల్యాప్‌టాప్‌లు కొనే దుకాణంలో అడిగితే ఆరు వేలు ఇస్తానన్నాడు. ఆ ఆరు వేలకు మండీ దుమ్ములో ఏడు గంటలు నడిచేది ఇంకొకటి దొరకదు కాబట్టి, గాజు పలకతో సహా ఇంటికి తిరిగి తెచ్చుకున్నాను.